యంత్రపు చదువు – మన సాక్ష్యము
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పఠనమందిరములలో మేము గావించిన యుపన్యాసము)



కంప్యూటరు లెక్కలు చేయునని మన మెఱుగుదుము. అది చదువరి కూడ కాగలదా? దినదినము చదువుచు, నిన్న నేర్చినదాని యాధారమున నేడు మఱికొంత నేర్చుకొనగలదా? ఈ ప్రశ్నను పరీక్షించుటకై అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున టామ్ మిచెల్ పండితుడును, ఆయన సహచరులును 2010 జనవరిలో 'నెల్' అను ప్రోగ్రామును నడప నారంభించిరి.

నగరములు, సంస్థలు మున్నగు కొన్ని వందల వర్గములను, ఒక్కొక్క దానికి పది పదునైదు ఉదాహరణములను దాని కొసగి, అంతర్జాలపు పుటలను చదువ విడిచిరి. తెలిసిన పేరు ఏ మాటల ప్రక్కన వచ్చునో కనిపెట్టి, ఆ మాటల ప్రక్కన వచ్చిన క్రొత్త పేరును అదే వర్గమున చేర్చుట దాని పద్ధతి. 'హైదరాబాదు వంటి పట్టణములు' అని చదివినది, 'కోరుట్ల వంటి పట్టణములు' అని కనబడినచో కోరుట్లయు పట్టణమే యని యూహించును. ఇట్లు రాత్రింబవళ్లు చదివి 2018 నాటికి 12 కోట్ల విశ్వాసములను కూడబెట్టెను. సత్యములనక విశ్వాసములంటిమి, ఏలయన, ప్రతిదాని ప్రక్కను తన నమ్మకమెంతయో యొక యంకె వేసికొనుచుండెను.

పొరపాటులును కలిగెను. ఆంగ్లమున 'కుకీ' యన బిస్కత్తు. బ్రౌజరు కంప్యూటరులో దాచు చిన్న గుర్తునకును అదియే పేరు. నెల్ రెంటిని పిండివంటలలో చేర్చెను. 'కుకీలను తొలగించితిని' యను వాక్యమును బట్టి, తొలగింపబడిన ఫైళ్లును పిండివంటలే యని తలచెను! తప్పు తప్పును కనును. మనుష్యులు నడుమనడుమ దిద్దవలసివచ్చెను.

న్యాయస్థానమున మేము నిత్యము చూచునదొకటి కలదు: ఒకని నోట విన్నదానిని నూరుగురు చెప్పినను సాక్షి యొక్కడే. జాక్, తాల్ అను ఫ్రెంచివారు కోట కట్టుటచే జగిత్యాలకా పేరు వచ్చెనని జనశ్రుతి. ఒక పుటను జూచి వేయి పుటలు దానినెత్తి వ్రాసినచో, వేయిమంది సాక్షులు దొరకిరని యంత్రము భ్రమపడును.

మఱియు, సిరిసిల్ల యే జిల్లాలోనిది? 2016 అక్టోబరు 10 వఱకు కరీంనగరు జిల్లాలోనిది. మఱునాటి నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రము. నాడే జగిత్యాలయు జిల్లా కేంద్రమయ్యెను. కోరుట్ల యందు చేరెను. పాత పుట యబద్ధమాడలేదు; దాని కాలము చెల్లినది. మా వృత్తిలోను 1872 నాటి సాక్ష్య చట్టము తొలగి, 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. తేదీ లేని సత్యము సగము సత్యము. ఎడతెగక నేర్చువాడు చెల్లినదానిని గుర్తింపవలెను.

యంత్రము చదువునది మనుష్యులు వ్రాసినదానినే. నెల్ ప్రధానముగా ఆంగ్లము చదివెను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెలసినది. అందు వ్రాయుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. సిరిసిల్ల మరమగ్గములను, కోరుట్ల ప్రాంతపు పసుపును, జగిత్యాల మామిడితోటలను కన్నులార జూచినవారు మీరు. మీరు వ్రాయకున్న విన్నవారు వ్రాయుదురు. యంత్రము దానినే నమ్మును. రేపు మన బిడ్డలు తమ యూరిని గూర్చి ఆ యంత్రమునే యడుగుదురు.

కావున ప్రతి పఠనమందిరమునను ఒక పుస్తకముంచుడు. చూచినదేమి, చూచినవారెవరు, ఏనాడు చూచిరి – ఈ మూడును వ్రాసి, సరిచూచి, తెలుగున లోకమునకందిండు. మన సాక్ష్యమును మనమే చెప్పుకొందము.