చెట్టుకు ఏళ్ళు కావాలి, కౌలుకు పదకొండు నెలలే
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తోటలో చెట్టు పెడితే నీళ్ళు తాగేస్తుంది, నీడ పడి పంట దెబ్బతింటుంది అని మనలో చాలామంది అంటారు. మరి మన తమలపాకు తోటల సంగతేమిటి? కడప పక్కన చెన్నూరులో చూడండి. ముందు సాళ్ళలో అవిసె విత్తుతాం. అది ఎదిగాక ఆకుతీగను దాని మీదికి ఎక్కిస్తాం. ఇటలీలో రోమన్ల కాలంనాడే ద్రాక్షతీగను చెట్ల మీద పాకించేవారు. తీగకూ చెట్టుకూ పొత్తు పాతదే.

అవిసె తీగకు ఊతం ఒక్కటే కాదు. దాని వేర్ల బుడిపెల్లో రైజోబియం అనే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకిస్తాయి. ఆ చెట్టు ఆకు రాలి కుళ్ళితే ఆ నత్రజని నేలకు చేరుతుంది. రాలిన ఆకు వానపాములకు, బూజులకు మేత. అవి తిరిగిన నేల గుల్లబారి వాన నీటిని తాగుతుంది. చెట్టు కింద తేమ మరికొన్నాళ్ళు నిలుస్తుంది. ఆకంతా మేకలకే వేస్తే మాత్రం నేలకు మిగిలేది ఏమీ ఉండదు. కొంత కొట్టి మొదళ్ళలో వేయాలి.

మీ భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం గడి చూడండి. అర శాతం లోపుంటే తక్కువని లెక్క. మన మెట్ట నేలల్లో చాలావాటికి అదే రాసి ఉంటుంది.

అలాగని ఏ చెట్టు పడితే ఆ చెట్టు వద్దు. మనకు ఏడాదికి పడేది 700 మిల్లీమీటర్లు అటూ ఇటూ. చీని, ద్రాక్ష తోటల్లో సాళ్ళ నడుమ కాకుండా గట్ల మీద మొదలుపెడదాం. కానుగ, వేప, గ్లైరిసిడియా చాలు. ఏటా కొమ్మలు కొట్టి ఆ రొట్టను పాదుల్లో వేద్దాం. రాలిన ఆకుకు నిప్పు పెట్టొద్దు.

ఇంత చెప్పాక అసలు ప్రశ్న మిగిలింది. ఆ చెట్టు ఎవరు పెట్టాలి? ఊళ్ళలో సేద్యం చేసేవారిలో కౌలుదారులెందరో మీకే తెలుసు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే. దానికీ భూయజమాని సంతకం కావాలి. గట్టు మీద పెట్టిన మొక్క వేరు నిలదొక్కుకునే లోపే కార్డు గడువు తీరిపోతుంది. వచ్చే ఏడు పొలం ఎవరిదో తెలియనివాడు నేలకు ఎందుకు మేత పెడతాడు? వాడిది బద్ధకం కాదు, వాడికి భరోసా లేదు.

దేశానికి 2014లోనే అగ్రోఫారెస్ట్రీ విధానం వచ్చింది. అది మన గట్టు దాకా రావాలంటే మేము అడిగేవి మూడు. కౌలు ఒప్పందం కనీసం ఐదేళ్ళుండాలి. కౌలుదారు పెట్టిన చెట్టుకు, పొలం వదిలేటప్పుడు విలువ కట్టి ఇవ్వాలి. ఉపాధి పనుల్లో గట్ల మీద మొక్కలు నాటే పని కౌలు పొలాలకూ వర్తించాలి.

ఈ మూడూ మీ ఊరి గ్రామసభలో తీర్మానంగా రాయించి సంఘానికి పంపండి. అందరివీ కలిపి రెండు జిల్లాల కలెక్టర్లకూ ఇద్దాం.