శానటోరియం, ఒక లెక్క



వైద్యుణ్ణి ప్రశ్నించడం గురించి మాట్లాడమని నన్నీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ మాట ఎత్తగానే కొందరికి వాట్సాప్ చిట్కాలు గుర్తొస్తాయి, కొందరికి ఆసుపత్రి అద్దాలు పగలగొట్టే గుంపులు. నాకు మాత్రం మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం గుర్తొస్తుంది.

1912లో మొదలైన యూనియన్ మిషన్ క్షయ శానటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. ఆనాటి వైద్యమంతా పొడిగాలి, బలమైన తిండి, నెలల తరబడి మంచం. అది చాలకపోతే రొమ్ములోకి సూదితో గాలి పంపి ఊపిరితిత్తిని ముడిచేవారు. అదీ కుదరకపోతే పక్కటెముకలు తీసేవారు. చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, యూరప్, అమెరికా మహావైద్యులందరిదీ అదే దారి. 1952లో ఐసోనియాజిడ్ అనే క్షయ మందు వచ్చింది. మందు వచ్చినా మంచం మీద నమ్మకం మాత్రం పోలేదు.

ఆ నమ్మకాన్ని కదిలించింది మద్రాసు. 1956లో అక్కడ పెట్టిన క్షయ చికిత్సా కేంద్రంలో వాలెస్ ఫాక్స్ బృందం పేద రోగులను చీటీలేసినట్టు రెండుగా విడదీసింది. సగంమంది శానటోరియానికి, సగంమంది తమ ఇరుకు ఇళ్లకే. మందులు అవే, ఏడాదిపాటు. 1959లో ఫలితం అచ్చయింది: చాలీచాలని తిండితో ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంత బాగానే కోలుకున్నారు. ఇంటివాళ్లకు జబ్బు అంటుకోవడమూ పెరగలేదు. ప్రపంచమంతా శానటోరియాలు ఖాళీ కావడానికి ఈ లెక్క తోడ్పడింది.

క్రిస్టియన్ గారి కొడుకు జోహాన్నెస్ కూడా లెక్కల మనిషే. ఆసుపత్రి గేటు దగ్గర ఆగక, 1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో క్షయ ఎందరికుందో, బీసీజీ టీకా ఎంత కాపాడుతోందో వెతికారు. తర్వాత 1968లో మద్రాసు దగ్గరి చెంగల్పట్టులో మొదలైన టీకా పరీక్షలో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపడం లేదని తేలింది. అయినా పసిపిల్లలకు ఆ టీకా వేస్తూనే ఉన్నాం, మెదడుపొరల క్షయ నుంచి అది కాపాడుతుంది కనుక. ప్రశ్న వేసినవాడు వచ్చిన జవాబుకూ తలొగ్గాలి. తిరుగుబాటును ఇష్టపడే నా మిత్రులకు ఈ రెండో సగం అంతగా రుచించదు.

పాతకథ అనుకోకండి. క్షయ మందులు రోజూ ఇవ్వడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మన దేశం మాత్రం వారానికి మూడుసార్ల పద్ధతినే పట్టుకు వేలాడింది. రామన్ కక్కర్ అనే వైద్యుడు సుప్రీంకోర్టు గడప తొక్కాక, 2017లో మారింది. ఆ ఏళ్లలో మందు మింగిన రోగుల్లో ఎందరికి ఈ చర్చ సంగతి తెలుసు?

నా బాధ అక్కడే. ఇంతవరకు చెప్పిన ప్రశ్నలన్నీ డాక్టర్లు డాక్టర్లను అడిగినవే. కుప్పం పక్కన గుడుపల్లె నుంచి బస్సెక్కి వచ్చిన అమ్మ "సార్, ఈ సెలైన్ ఎందుకు? మాత్ర చాలదా?" అంటే కసురుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. అవసరమైన కోత ప్రాణం నిలుపుతుంది, నిజమే. ఇన్ని కోతలూ అవసరమేనా అని కత్తి కింద పడుకోబోయే ఆడమనిషి అడగగలగాలి కదా.

అలా అడిగే వీలు మనమే కల్పించవచ్చు. కుప్పంలో వైద్య కళాశాల ఉంది, ద్రావిడ విశ్వవిద్యాలయమూ ఉంది. వీధి దాటితే తమిళం, ఇంకాస్త పోతే కన్నడం. ఈ రెండు సంస్థలూ కలిసి, రోగి చేతికిచ్చే ఒక్క కాగితం మూడు భాషల్లో రాయాలని నా ప్రతిపాదన: జబ్బు ఏమిటి, ఈ మందు ఎందుకు, వద్దంటే ఏమవుతుంది, వేరే దారి ఉందా. మధ్యాహ్నం సమావేశంలో దీని ముసాయిదా మీద వాదించండి. వైద్య విద్యార్థులు ముందు వరుసలో కూర్చుంటే బాగుంటుంది.