పెనుగులాట
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు "మీ ఇష్టమొచ్చిన విషయం తీసుకోండి మాస్టారూ" అన్నారు. నా క్రైస్తవ విశ్వాసంలో నేను పడుతున్న ఇబ్బంది గురించి, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనే కొట్లాట గురించి కలిపి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఈ రెండింటికీ చుట్టరికమేమిటండీ?" అన్నారు. ఆ చుట్టరికం చెప్పడానికే నిలబడ్డాను.

ముందుగా ఒక మనవి. నాది రాత్రిబడి తెలుగు. సుమారు నలభై ఏళ్ళు ఇంగ్లీషులో పాఠాలు చెప్పి, రిటైరైన తరువాత మంగళవారం, గురువారం సాయంత్రాలు చిన్నపిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. 1996 నాటి మన దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరవ సెక్షనులో ఈ దేశంలో ఆదరించవలసిన భాషలలో మన భాష పేరు కూడా ఉంది. అయితే అక్కడ అచ్చులో "టెలెగు" అని పడింది. రాజ్యాంగాన్ని ఎర్ర పెన్సిలుతో దిద్దే అధికారం మాస్టర్లకు లేదు గనుక అలాగే ఉండిపోయింది. కాబట్టి నా భాషలో తప్పులు దొర్లితే మీరూ పెన్సిలు తీయకండి.

మా తాత స్టాంగరు దగ్గర, అంటే ఇప్పటి క్వాడుకూజా దగ్గర, కియర్స్నీ తేయాకు తోటలో కూలి. గిరిమిట్ కాగితం మీద వేలిముద్ర వేసి మద్రాసులో ఓడ ఎక్కినవాడు. ఆయన రాకకు ఒక ఏడాది ముందు, 1903లో, జాన్ రంగయ్యగారు భార్యాబిడ్డలతో ఈ దేశం వచ్చారు. ఆయనను పంపినది తెల్లదొరల మిషను కాదు. నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులే తమలో తాము చందాలు వేసుకుని, సముద్రం దాటిన తమవాళ్ళ కోసం ఒక బోధకుణ్ణి పంపారు. కియర్స్నీలో తెలుగులో ఆరాధన మొదలైంది. మా తాత అక్కడ బాప్తిస్మం తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నావని మా నాన్న అడిగితే, "ఇక్కడ మనల్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు వాళ్ళొక్కరే, తక్కినవాళ్ళంతా నెంబరు పెట్టి పిలిచేవాళ్ళు" అన్నాడట. మా ఇంట్లో విశ్వాసానికి పునాది అది. ఎవరైనా దానిని బలహీనమైన పునాది అనుకుంటే, వారికి నెంబరు తగిలించుకుని బతికిన అనుభవం లేదని నేననుకుంటాను.

నేను ఆ పునాది మీదే పెరిగాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆదివారపు బడి చెప్పాను. నాకు దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్న రాలేదు. వర్షం వస్తుందా రాదా అని అడుగుతాం గాని ఆకాశం ఉందా అని అడగం కదా, అలాగన్నమాట.

2021 జూలైలో మా ఆవిడ పోయింది. ఆ నెల ఎలాంటిదో ఈ హాలులో ఉన్న పెద్దలకు చెప్పనక్కరలేదు. ఒక పక్క కోవిడ్ మూడవ విడత. ఇంకొక పక్క ఈ రాష్ట్రంలో దోపిడీలు, మంటలు. వీధి చివర మగవాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా. మా పెద్దబ్బాయి జొహానెస్‌బర్గులో ఉంటాడు; ఎన్-త్రీ రోడ్డు మూసేయడంతో తల్లిని చూసుకోలేకపోయాడు. గుళ్ళు, చర్చీలు, మసీదులు అన్నీ మూసి ఉన్నాయి. నేను ఇంట్లో మోకాళ్ళ మీద ఉండి పదకొండు రాత్రులు ప్రార్థన చేశాను. పన్నెండవ రోజు ఫోను వచ్చింది.

తరువాత ఓదార్చడానికి వచ్చినవారిలో ఒక బోధకుడు, ఆయన పేరు ఇక్కడ అనవసరం, నా ప్రార్థనలో విశ్వాసం చాలలేదేమో పరీక్షించుకోమన్నాడు. నేను ఆయనకు టీ ఇచ్చి పంపాను. కోపం ఆయన మీద నిలవలేదు. అది పైకి వెళ్ళింది. పరలోక ప్రార్థన అందరితో కలిసి చెబుతుంటే, దేవుని చిత్తమే జరగాలి అన్న అర్థం వచ్చే చోట నా నోరు ఆగిపోయేది. తక్కిన సభ ముందుకు పోయేది. ఆ తరువాతి మాట దగ్గర మళ్ళీ కలుసుకునేవాణ్ణి. పక్కనున్నవారికి తెలియలేదు. ఆదివారపు బడి పిల్లలకు మాత్రం తెలుసుననుకుంటాను, పిల్లలకు అన్నీ తెలుస్తాయి.

ఇక కొట్లాట సంగతికి వస్తాను.

మా మనవడికి పదహారేళ్ళు. 2024 జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న, చర్చికి తయారవుతుంటే వాడు టీవీ ముందు నుంచి "తాతా, రా! మనవాడు గెలుస్తున్నాడు" అని కేక వేశాడు. కెనడాలో టొరంటోలో శనివారం రాత్రి, మనకు ఆదివారం ఉదయం. ప్రిటోరియా కుర్రవాడు డ్రికస్ డు ప్లెసీ, అమెరికా అతను షాన్ స్ట్రిక్‌లాండ్‌తో అయిదు రౌండ్లు పోరాడి యు.ఎఫ్.సి. మిడిల్ వెయిట్ పట్టం గెలిచాడు. ఆ పట్టాలలో దేనినైనా గెలిచిన మొదటి దక్షిణాఫ్రికావాడు అతనే. ముఖమంతా రక్తం. ఈ అబ్బాయి తన క్రైస్తవ విశ్వాసాన్ని దాచుకోడు, బాహాటంగా చెబుతాడు. ఆ రోజు మేమిద్దరం చర్చికి ఆలస్యంగా వెళ్ళాము.

మీలో అమ్మమ్మలు ముఖం చిట్లిస్తున్నారు, చూస్తున్నాను. కొంచెం ఓపిక పట్టండి. ఈ క్రీడ 1993 నవంబరులో అమెరికాలోని డెన్వరులో మొదలైనప్పుడు అది తగాదాకు ఎక్కువ, ఆటకు తక్కువ. బరువుల తేడా లేదు, ఎనిమిదిమంది రకరకాల విద్యలవాళ్ళు ఒకే రాత్రిలో తేల్చుకోవాలి. అందరినీ ఓడించినది ఒక సన్నపాటి బ్రెజిలువాడు, హొయిస్ గ్రేసీ. ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు, గుద్దులతో కాదు, పట్టుతో. ఆ విద్యకు మూలం జపాను. మాయెదా అనే జూడో ఆయన 1914లో బ్రెజిలు చేరి గ్రేసీ కుటుంబంవారికి నేర్పిన విద్య. తరువాతి ఏళ్ళలో బరువులవారీ తరగతులు, అయిదు నిమిషాల రౌండ్లు, చేయకూడని పనుల పట్టిక అన్నీ వచ్చాయి. నేలమీద ఉన్నవాణ్ణి పైనుంచి గుద్దడానికి మాత్రం ఇప్పటికీ అనుమతి ఉంది. ఆ భాగం వస్తే నేను టీ పెట్టడానికి లేస్తాను. పోటీకి ముందు ఒకరినొకరు తిట్టుకోవడం, దాని మీద పందేలు కాయడం, ఇవి కూడా నాకు గిట్టవు.

నన్ను పట్టుకున్నది ఆ పట్టే. మా మనవడు సోమ, బుధవారాలు జుజిట్సు నేర్చుకునే చోటికి నేను కారు నడుపుకుంటూ వెళ్ళి బయట కూర్చునేవాణ్ణి. నేర్పే ఆయన ఒక రోజు "ఊరికే కూర్చోవడమెందుకు అంకుల్" అన్నాడు. అలా అరవై దాటాక నేను చాప మీదికి దిగాను. ఇప్పుడు రెండు రోజులు తెలుగు, రెండు రోజులు జుజిట్సు. రెండు చోట్లా నాకంటే యాభై ఏళ్ళు చిన్నవాళ్ళు నన్ను ఓడిస్తారు.

మన కుస్తీలో వీపు నేలకు తగిలితే చిత్తు. ఆట అయిపోయింది. "వాణ్ణి చిత్తు చేశాడు" అనే మాట అక్కడి నుంచి వచ్చినదే. జుజిట్సులో వీపు నేలకు తగిలాకనే అసలు పాఠం. వెల్లకిలా పడి, పైనున్నవాణ్ణి కాళ్ళతో చుట్టి, దూరం పోనివ్వకుండా దగ్గరగా పట్టుకోవాలి. దూరం ఇస్తే గుద్దుతాడు. దగ్గరగా ఉంటే గుద్దలేడు. భయపడినవాడు సహజంగా ఎదుటివాణ్ణి తోసేస్తాడు, అదే చెయ్యకూడదంటారు. ఇది నేర్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

రెండవది, తట్టడం. మెడ మీదనో మోచేతి మీదనో పట్టు బిగిస్తే, చాప మీదగాని ఎదుటివాడి ఒంటి మీదగాని చేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టగానే వాడు వదిలేయాలి. మొదటి రోజు నేర్పేది ఇదే. ఎవరూ నవ్వరు, లేచి చేయి కలిపి మళ్ళీ మొదలుపెడతారు. ఒక సాయంత్రంలో నేను పది, పదిహేనుసార్లు తడతాను. ఆ సాయంత్రాల్లో కారులో ఇంటికి వస్తూ నేను ఆలోచించినది ఇది: మా చర్చిలో ఎవరినైనా "ఎలా ఉన్నారు?" అంటే "దేవుని కృప" అంటారు. నేనూ మూడేళ్ళు అలాగే అన్నాను. ఊపిరి ఆడడం లేదు అని తట్టి చెప్పుకునే చోటు అక్కడ నాకు కనిపించలేదు.

ఆ సమయంలోనే మా రాత్రిబడి పంతులమ్మగారు, ఆమె హిందువు, నా కోసమని తెలుగు బైబిలులో ఒక అధ్యాయం చదివించారు. ఆదికాండము 32. యాకోబు నాలుగువందల మందితో వస్తున్న అన్న ఏశావుకు భయపడి, కుటుంబాన్నంతా యబ్బోకు రేవు దాటించి, రాత్రి ఒక్కడే మిగిలిపోతాడు. అప్పుడు ఎవరో ఒక మనిషి అతనితో తెల్లవారే దాకా పోరాడతాడు. తొడ గూడు మీద కొడతాడు, కీలు తప్పుతుంది. అయినా యాకోబు దీవిస్తే గాని వదలనంటాడు. నీ పేరేమిటని అడిగితే వచ్చినవాడు చెప్పడు. కాని దీవిస్తాడు, ఇశ్రాయేలు అని కొత్త పేరు పెడతాడు. సూర్యోదయానికి యాకోబు కుంటుకుంటూ నడిచిపోతాడు.

ఇంగ్లీషులో ఈ కథ నేను వందసార్లు చెప్పాను. తెలుగులో అక్కడ వాడిన మాట "పెనుగులాట". ఆ మాటకు అర్థమేమిటని పంతులమ్మగారిని అడిగాను. పెన అంటే మెలి అన్నారు. రెండు పోగులు ఒకదానిలో ఒకటి మెలిపడితే పెన. పెనుగులాడడం, పెనవేసుకోవడం, రెండూ అక్కడి నుంచి వచ్చినవే. నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. కలబడడానికీ కౌగిలించుకోవడానికీ ఒకే మూలం ఉన్న భాషలో మా అవ్వ ప్రార్థన చేసేది. ఆ సంగతి నాకు ఇంగ్లీషులో ఎవరూ చెప్పలేదు. హెబ్రీ చదివినవారు అక్కడి మూలంలో ఉన్న మాటకు ధూళి అనే మాటతో పోలిక ఉందంటారు. అది కూడా బాగుంది. గోదాలో దిగితే ఒంటికి మట్టి అంటుకోక తప్పదు కదా.

మీలో ఎక్కువమంది హిందువులు. మీకు అర్జునుడి కథ గుర్తుకు వచ్చి ఉంటుంది. పాశుపతం కోసం తపస్సు చేస్తుంటే శివుడు కిరాతుడై వచ్చి, పంది మీద బాణం ఎవరిదని తగవు పెట్టుకుని, చివరికి ఇద్దరూ బాహాబాహీ కలబడతారు. శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన కథ. పంతులమ్మగారు అది కూడా చెప్పి "మీ యాకోబు, మా అర్జునుడు ఒక గోదాలోవారే" అన్నారు. నేను ఒక తేడా చూపించాను. అర్జునుడికి ఎదుటివాడు ఎవరో తెలిసిపోయింది, కాళ్ళ మీద పడ్డాడు, అస్త్రం చేతికి వచ్చింది. యాకోబు పేరు అడిగితే జవాబు రాలేదు, చేతికి వచ్చినది కుంటి నడక. నా అనుభవానికి యాకోబు దగ్గరివాడు. "మీకు అస్త్రం ఎందుకు మాస్టారూ, ఇంకా ఎవరితో యుద్ధం?" అన్నారావిడ. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

చర్చిలో కొందరు పెద్దలు నన్ను మందలించారు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్న ప్రభువు శిష్యుడు పంజరంలో కొట్లాట చూడవచ్చునా అని. ఇది తేలిక ప్రశ్న కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో ముష్టియుద్ధాన్ని పోలికగా వాడాడు, కొరింథు దగ్గరే పెద్ద ఆటల పోటీలు జరిగేవి అని నేను చెప్పగలను, చెప్పాను కూడా. కాని పోలిక వేరు, పోటీ వేరు. డబ్బు కోసం ఒకడి తల అదిరేటట్టు కొట్టడం ఆటలో భాగంగా ఉన్నంతవరకు వాళ్ళ మందలింపులో సగం న్యాయం ఉంది. నేను చూడడం మాత్రం మానలేదు.

2025 ఆగస్టులో డు ప్లెసీ పట్టం పోయింది. చికాగోలో, ఇదీ మనకు ఆదివారం పొద్దున్నే. ఎదుటివాడు హమ్జత్ చిమాయెవ్, చెచెన్యాలో పుట్టినవాడు, ముస్లిము. ఇరవై అయిదు నిమిషాల పోటీలో ఇరవై నిమిషాలకు పైగా మనవాణ్ణి నేలకు అదిమిపెట్టి ఉంచాడు. చూడడానికి విసుగు పుట్టించే పోటీ అని మర్నాడు చాలామంది అన్నారు. నేను కళ్ళార్పకుండా చూశాను. మా మనవడు "తాతా, ఇతను ప్రార్థన చేశాడు, అతనూ ప్రార్థన చేసి ఉంటాడు. దేవుడు ఎవరిది విన్నాడు?" అన్నాడు. పదకొండు రాత్రులు నేనడిగిన ప్రశ్నే. నేను వాడికి సమాధానం చెప్పలేదు. "చూడు, అయిదు రౌండ్లూ కిందే ఉన్నాడు, తట్టలేదు" అన్నాను. వాడు "కాని ఓడిపోయాడు కదా" అన్నాడు. అవును, ఓడిపోయాడు. ముగ్గురు జడ్జీలూ అదే రాశారు.

పరలోక ప్రార్థనలో ఆ మాట దగ్గర ఇప్పటికీ కొన్ని ఆదివారాలు ఆగుతాను. కొన్ని ఆదివారాలు చెబుతాను. ఎప్పుడు ఏది అవుతుందో ముందుగా తెలియదు. ఒకటి మాత్రం మారింది. ఆగినప్పుడు ఇదివరకు తల వంచుకుని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు ఎందుకు ఆగానో ఆయనతోనే తగవు పెట్టుకుంటాను, వదిలి దూరం పోను. మా ఆవిడ బతికి ఉంటే "ఆయనతోనూ మొదలుపెట్టారా?" అనేది.

ఆదివారపు బడి మానలేదు. మొన్న పిల్లలకు యబ్బోకు రేవు కథ చెప్పాను, ఈసారి కుర్చీలు తీయించి, నేల మీద చాప వేసి, పట్టు ఎలా పడతారో చూపించి మరీ చెప్పాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి "తరువాత ఆయన కాలు బాగయిందా సార్?" అని అడిగింది. బాగయినట్టు ఎక్కడా రాయలేదని, హెబ్రీయుల పత్రికలో ముసలివాడై చనిపోయేటప్పుడు కూడా చేతికర్ర మీద ఆనుకున్నట్టు ఉందని చెప్పాను. ఆ పిల్లకు తృప్తి కలిగినట్టు లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతుంది.

లోపల పులిహోర వాసన వస్తోంది.