చిన్న కేసు, పెద్ద తిరుగుడు



అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గాజులు, పిన్నులు అమ్ముకునే స్త్రీ మీద 'దారికి అడ్డం' అని కేసు పెడతారు. పోలీసులకు అది పెట్టీ కేసు. ఆమెకు అది ఆ రోజు తిండి, సరుకు, పరువు.

కాగితాలు నాంపల్లి క్రిమినల్ కోర్టుకు చేరతాయి. అక్కడ సంక్షిప్త విచారణ జరపవచ్చు. 'తప్పు ఒప్పుకుంటావా?' అని అడిగితే, త్వరగా బయటపడాలని మనవాళ్లు తలూపుతారు. కట్టేది జరిమానాయే, కానీ రికార్డులో అది నేర నిర్ధారణ. పాత ఐపీసీ 283 కింద జరిమానా 200 రూపాయలు మించేది కాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000 దాకా వేయవచ్చు.

ఒప్పుకోకపోతే వాయిదాలు. ప్రతి వాయిదాకూ ఒక రోజు బేరం పోతుంది. పిలిచినప్పుడు లేకపోతే వారంటు రావచ్చు.

అందుకే కార్యకర్తలు ఇవి గుర్తుంచుకోవాలి. కేసు నంబరు, కోర్టు, వాయిదా తేదీ ఆమె చేతికి రాసివ్వాలి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. ఇది బెయిలబుల్ నేరం. జామీనుదారు దొరకని పేదరాలిని సొంత పూచీకత్తు మీద వదలాలి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక మామూలుగా విచారణకు తీసుకోకూడదు. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద సర్టిఫికెట్ ఉండి, దాని ప్రకారం అమ్ముకునేవారిని పోలీసులు అడ్డుకోకూడదు.

తలూపే ముందు ఒక్కమాట వకీలుతో మాట్లాడే హక్కు ఆమెకుంది. ఆ సమయానికి మనం కోర్టు వరండాలో ఆమె పక్కన ఉండాలి.