కొలత కుదిరిన భాగములు



బండిచక్రమున ఒక ఆకు విరిగినప్పుడు గ్రామపు వడ్రంగి ఆ చక్రమునే చూచి క్రొత్త ఆకును చెక్కి బిగించును. ఒక బండికై చెక్కినది వేరొక బండికి పట్టదు. ఊరిలో పది బండ్లున్నంతవరకు ఈ పద్ధతి చాలును. వేలకొలది పెట్టెలు నడువవలసిన రైల్వేకు చాలదు.

సికింద్రాబాదునందలి లాలాగూడ రైల్వే కర్మాగారము నిజాము రైల్వే కాలమున, 1893లో స్థాపితమైనది. మరమ్మతునకు వచ్చిన పెట్టె అచ్చట ఎన్ని దినములు నిలిచిన, అన్ని దినములు ప్రయాణికులకు ఒక పెట్టె తక్కువ. ప్రతి భాగమును ఆకురాయితో అరగదీసి అమర్చవలసివచ్చినచో కాలమును, కూలియు పెరుగును. ఒకే కొలతతో తయారైన భాగము స్టోరులో సిద్ధముగా నున్నచో, అరిగినదానిని తీసి క్రొత్తదానిని బిగించిన చాలును.

ఒకే కొలత యనగా వెంట్రుకవాసి భేదమైనను లేకుండుట కాదు. ఎంత హెచ్చుతగ్గు వరకు సహింపవచ్చునో ముందుగనే నిర్ణయింతురు. రంధ్రమును పరీక్షించుటకు రెండు కొలకడ్డీలుండును: ఒకటి దూరవలెను, రెండవది దూరరాదు. ఆ రెంటి నడుమ నిలిచినదే సరియైన భాగము.

1841లో ఇంగ్లండున జోసఫ్ విట్‌వర్త్ బోల్టుల మరచుట్లకు ఒకే కొలతను ప్రతిపాదించెను. అంతకుముందు ఒక కర్మాగారపు నట్టు వేరొక కర్మాగారపు బోల్టునకు పట్టునన్న నమ్మకము లేకుండెను. మన దేశమున రైల్వే నమూనాలను, ప్రమాణములను నిర్ణయించుటకు 1957లో లక్నోయందు ఒక సంస్థ ఏర్పడినది.

కొలత కుదరనిచో కలుగు నష్టమును సికింద్రాబాదు చిరకాలము అనుభవించినది. 1874లో వాడి నుండి వచ్చిన మార్గము బ్రాడ్‌గేజి. పట్టాల నడుమ దూరము 1,676 మిల్లీమీటర్లు. తరువాత మన్మాడు వైపు వేసినది మీటర్‌గేజి. దూరము 1,000 మిల్లీమీటర్లు. ఒకదాని బండి రెండవదానిపై నడువదు. గేజి మారినచోట సరకును దింపి మరల ఎక్కింపవలసివచ్చెను. 1992లో ఏకగేజి పథకము ఆరంభమైన పిమ్మట మీటర్‌గేజి మార్గములు క్రమముగా బ్రాడ్‌గేజిగా మారినవి. మొదట కుదరని కొలతను సరిదిద్దుటకు ఒక శతాబ్ది పట్టినది.

ప్రమాణమే తప్పయినచో ఆ తప్పు అన్ని పెట్టెలకును ప్రాకును. కావున పనివాని అనుభవమును విని ప్రమాణమును సవరించుచుండవలెను. అతని నేర్పునకు ఇందు లోటు లేదు. ఒక్క పెట్టెకు వినియోగపడు నేర్పు వేయి పెట్టెలకు వినియోగపడును.

ఈ విషయము పట్టణమునకే చెందినది కాదు. నాట్ల వేళ పంపుసెట్టు బోల్టు విరిగినప్పుడు, అంగడిలో కొన్న బోల్టు వెంటనే పట్టినచో ఆనాడే మడికి నీరందును. పట్టనిచో నారు ఎండును. కొలతలోని ఐకమత్యము రైతునకు అన్నము పెట్టునది.