ఆరోగ్యవరపు సత్యాన్వేషి

దక్షుని శాపమున చంద్రుడు క్షయపీడితుడయ్యెనని పురాణములు చెప్పుచున్నవి. ఆ రోగమును నివారింప ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కాల్మెట్, గెరిన్ రూపొందించిన బి.సి.జి. టీకా 1921లో తొలిసారి ఒక శిశువునకు ఈయబడెను. అది మన పల్లెవారిని ఎంతవరకు కాపాడగలదు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారు డేనిష్ వైద్యులు డాక్టర్ జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ గారు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో వెలసిన క్షయ చికిత్సాలయమున వారు పనిచేసిరి. 1950 మొదలు చుట్టుపట్ల గ్రామములందు ప్రజలకు ఎక్స్‌రే, చర్మపరీక్షలు జరిపించిరి. రోగక్రిమి సోకనివారిలో కొందరికి టీకా వేయించి, కొందరికి వేయింపక, ఉభయులను ఏండ్ల తరబడి గమనించిరి.

టీకావలన కొంత రక్షణ కలదనియు, బ్రిటనులో కనబడినంత లేదనియు తేలెను. జమ వ్రాసిన చేతితోనే ఖర్చును కూడ దాచక వ్రాయుట వారి ఘనత. 1968లో చెంగల్పట్టు ప్రాంతమున ఆరంభమైన మహాపరిశోధనయు, పెద్దలను ఊపిరితిత్తుల క్షయనుండి ఈ టీకా కాపాడజాలదని తేల్చినది.

అట్లని టీకా వ్యర్థము కాదు. మెదడు పొరలకు సోకు ఘోరక్షయనుండి అది పసిబిడ్డలను కాపాడును. కావున మన సిద్దిపేట సీమ తల్లులు పుట్టిన బిడ్డకు టీకా తప్పక వేయింపవలెను. పెద్దలు, రెండు వారములు దాటినను దగ్గు తగ్గనిచో, టీకాను నమ్ముకొని యుండక కఫపరీక్ష చేయించుకొనవలెను. నిజము నెరిగి నడచు గ్రామమునకే ఆరోగ్యము వరమగును.