దొడ్డి తలుపు గడియ

(స్వర్ణోత్సవ సభలో 1980 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

నాతోపాటు బెంచీలు అరగదీసిన మిత్రులకు, మా తరవాత వచ్చి వాటిని పూర్తిగా విరగ్గొట్టిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు శుభాకాంక్షలు.

బడి జ్ఞాపకం ఒకటి చెప్పమన్నారు. కప్పులు, బహుమతుల సంగతి మిగతావాళ్ళు చెబుతారు. నాకు ఈ బడి నేర్పిన పెద్ద పాఠం ఒక సెకండ్ షోతో మొదలైంది.

1980లో సంక్రాంతి వెళ్ళాక మా నాన్నగారు విజయవాడ కొత్తపేట నుంచి సత్యనారాయణపురానికి ఇల్లు మార్చారు. ఇవాళ బి.ఆర్.టి.ఎస్. రోడ్డు ఉన్నచోట అప్పట్లో రైలు పట్టాలుండేవి. మాది మూడు వాటాల ఇల్లు. ముందు వాటాలో ఇంటివారు, మేమంతా మామ్మగారని పిలిచే పెద్దావిడ. మధ్య వాటాలో మేము. వెనక దొడ్డి తలుపు పక్కన రేకుల గదిలో సైకిల్ షాపులో పనిచేసే కుర్రాడు. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. నా సైకిలుకు పంక్చరు పడితే డబ్బులు తీసుకోకుండా వేసిపెట్టేవాడు. ఎవరూ తెలియని ఆ పేటలో నన్ను మొదట పలకరించింది అతనే.

ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ వచ్చింది. మొదట్లో జనం లేకపోయినా, ఆ నోటా ఈ నోటా పడి ఊరంతా అదే మాట అయింది. మాకేమో పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఒక రాత్రి అందరూ పడుకున్నాక దొడ్డి తలుపు గడియ తీసి, దగ్గరగా వేసి, గాంధీనగర్ వెళ్ళాను. కొత్తపేట మిత్రులు ముగ్గురు హాలు దగ్గర కాచుకుని ఉన్నారు. చిత్రమేమిటంటే, పరీక్షలయ్యాక మా నాన్నగారే ఆ సినిమాకు మమ్మల్నందరినీ తీసుకెళ్ళారు. రెండోసారి చూస్తూ, మొదటిసారి చూస్తున్నట్టు నటించే అవసరం అప్పటికి లేకపోయింది. ఎందుకో చెబుతాను.

ఆట వదిలాక అలవాటు కొద్దీ మిత్రులతో కొత్తపేట దారి పట్టాను. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, మా ఇల్లు ఇప్పుడు అటు కాదని. ఒంటరిగా వెనక్కి తిరిగాను. పగలు గుర్తు పెట్టుకున్న కిళ్ళీకొట్టు మూసేసి ఉంది. చీకట్లో వీధులన్నీ ఒకేలా ఉన్నాయి. కుక్కలు వెంటపడ్డాయి. చివరికి రైలు పట్టాలు పట్టుకుని నడిచి ఇల్లు చేరేసరికి రెండు దాటింది. గడియ వేసి పడుకున్నాను. ఏమీ కాలేదనుకున్నాను.

తెల్లారి మామ్మగారి కేక. నూతి దగ్గరుండే ఇత్తడి గంగాళం లేదు. గడియ వేసినట్టే ఉంది కాబట్టి ఇంటి దొంగే అన్నారు. నాన్నగారి మీదికి ఎవరి చూపూ పోలేదు. రేకుల గది మీదికి పోయింది. “నేను తీయలేదు మామ్మగారూ” అని ఆ కుర్రాడు రెండుసార్లు అన్నాడు. రెండు రోజుల్లో గది ఖాళీ చెయ్యమన్నారు. ఆ తలుపు నాలుగు గంటలు ఎవరి వల్ల తెరిచి ఉందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు.

రెండో రోజు తెలుగు క్లాసులో పద్యం అప్పగించలేక నిలబడ్డాను. నాకు పద్యం రాకపోవడం మాస్టారికి వింతగా తోచింది. బెల్లయ్యాక పిలిచి అడిగారు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. “నాతో చెప్పావు, బాగానే ఉందిరా. కానీ వినాల్సింది నేను కాదుగా” అన్నారు. సైకిలు నడిపించుకుంటూ నాతో మా వీధి దాకా వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డారు.

చెప్పాను. మామ్మగారు నెత్తి కొట్టుకున్నారు. నాన్నగారు ఒక్క మాటా అనకుండా చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని సైకిల్ షాపుకు బయల్దేరారు. గేటు దగ్గర మాస్టారికి నమస్కారం పెట్టారు. షాపులో అతను లేడు. మధ్యాహ్నమే లెక్క చూసుకుని ఊరు వెళ్ళిపోయాడట. ఏ ఊరో షాపాయనకీ తెలియదు. గంగాళం డబ్బు నాన్నగారు నెలనెలా ఇచ్చి తీర్చేశారు. అతని బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది. నిజం చెప్పాను, నిజమే. కానీ రెండు పూటల ముందు చెప్పి ఉంటే అది అతనికి పనికొచ్చేది. ఆలస్యంగా చెప్పింది నాకొక్కడికే పనికొచ్చింది.

తరవాత ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఏదైనా పోయిందంటే అక్కడా అందరి చూపూ ముందు అటెండరు మీదికే పోయేది. అప్పుడల్లా “ఒక్క నిమిషం ఆగండి” అనేవాణ్ణి. నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే ఆ ఒక్క నిమిషమే.

మాస్టారూ, మీరు ఇవాళ ముందు వరసలోనే ఉన్నారు. ఆ సాయంత్రం మీకు గుర్తుండకపోవచ్చు. ఇలాంటివాళ్ళను ఎంతమందిని వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దాకా దిగబెట్టారో! నాకు మాత్రం ఎక్కడ తలుపు గడియ వేస్తున్నా, గేటు దగ్గర సైకిలు పట్టుకుని మీరు నిలబడే ఉన్నట్టుంటుంది.